దొరకి పొగరెక్కిందన్నారు

ఏమిట్రా అన్నావ్, పిల్లికి పొగరెక్కిందా? పక్క మీద పోసిందని ఎవరికో ఇచ్చెయ్యడానికి బుట్టలో పెట్టుకుని బయల్దేరావా? కూర్చో ఇలా. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నాకే వినపడ్డం లేదు. అచ్చం మా మామగారి మాటే వచ్చింది నీ నోట. మనకి బట్టల కొట్టు ఉండేది కదా, కింద కొట్టు, పైన ఇల్లు. ఎలకలు తానులు కొరక్కుండా ఓ గండుపిల్లిని పెంచేవాళ్ళం, దొర అని పిలిచేవాళ్ళం. అది గల్లాపెట్టె మీద పడుకుంటే చిల్లర తియ్యడానికి కూడా మా మామగారు దాన్ని బతిమాలుకోవాల్సిందే. అంత గారాబం! అలాంటిది ఓ రోజు కొత్తగా దిగిన తాను మీద పోసింది. అంతే, గోనెసంచీ తెచ్చారు. "పొగరెక్కింది వెధవ పిల్లికి, కక్ష కట్టింది! అన్నం పెట్టిన కొట్టుకే ద్రోహమా? ఊరవతల పారేసి వస్తా!"

మా అత్తగారు మెట్ల మీద నుంచి చూస్తూనే ఉంది. ఆవిడ సంగతి నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. ఆయన ఎదుట గొంతెత్తి ఎరగదు. కొట్లోకి ఓ మాట చెప్పాలన్నా నాతోనే చెప్పించేది. అలాంటి మనిషి చరచరా దిగొచ్చి సంచీ లాగేసుకుంది. "పొద్దుట్నుంచీ ఇసుక తొట్టిలో కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. ఏమీ రావట్లేదు. ఇక్కడ పడిందీ నాలుగు చుక్కలే, చూడండి. ఒళ్ళు ముడుచుకుంది, చెవులు వాల్చింది, కిందంతా ఒకటే నాకుతోంది. దీనికి కక్షా?" మామగారు ఊరుకుంటారా! "గుర్రుగుర్రుమంటోందిగా, హాయిగానే ఉంది. నీకేం తెలుసే?" అన్నారు. అప్పుడందిరా ఆవిడ, కొట్టు నిండా బేరాలుండగా. "నొప్పికీ గుర్రుమంటుంది. నేను కడుపు పట్టుకుని మూల కూర్చుంటే నాకూ పొగరనే అన్నారు మీరంతా. ఆపరేషన్ చేసిన డాక్టరు చెబితేగానీ నమ్మలేదు. నన్నంటే పడ్డాను. దీన్ని అననివ్వను." గుడ్డ చింపుతున్న గుమాస్తా చెయ్యి అలాగే ఆగిపోయింది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది, కొత్త కోడల్ని కదా, చేతులు కొంగులో దాచుకున్నాను.

చెప్పులు కూడా వేసుకోలేదురా. దొరని బుట్టలో పెట్టుకుని నడిరోడ్డున పశువుల డాక్టరు దగ్గరికి నడిచింది, వెనకే నేను. "ఎవర్నడిగి వెళ్తున్నావే?" అని కొట్లోంచి కేకలు. వెనక్కి తిరిగితే ఒట్టు! ఒంటేలు దారి మూసుకుపోయిందమ్మా, రేపటిదాకా ఆగితే దక్కేది కాదు అన్నాడు డాక్టరు. సన్న గొట్టం వేసి తీశాడు. దొరగారు మళ్ళీ గల్లాపెట్టె ఎక్కారు. మా మామగారా? తప్పయిందని అంటారా ఆయన? కానీ ఆ తర్వాత ఇంట్లో ఎవరు మంచం దిగకపోయినా పొగరు అన్న మాట మళ్ళీ వినపడలేదు. ఆవిడ అననిచ్చేది కాదు. ఇప్పుడు నేనూ అననివ్వను, నువ్వయినా సరే.

ఏదీ, ఆ మూత తియ్యి. గండుపిల్లేనా? అలా మూలకి ఒదిగి కూర్చుందేం? నిన్నట్నుంచీ తొట్టిలో ఏమైనా పోసిందా? చూడలేదూ? ఏమిటీ, గుర్రుమంటోందా? ఇప్పటిదాకా ఏం విన్నావురా నువ్వు! లే, బండి తియ్యి. నేనూ వస్తున్నా. నా చెప్పులు వెతక్కు, పద.