కొలిచే రోజున ఊగని వంతెన

అదేం మాటండీ కుమగాయ్ గారూ, ఊగలేదంటారేం? పొద్దుట్నుంచీ మీ రైల్వే యంత్రాలతో ఆ రైలు వంతెన నాడి పట్టుకుని కూర్చున్నారు, డాక్టరైనా అంతసేపు కూర్చోడు! నిన్నటిదాకా పూనకం వచ్చినట్టు ఊగిపోయిందండీ అది.

మా పెంకులు లేచి పక్కింటి కప్పు మీద వాలాయంటే నవ్వుతారేం? ఎదురింటి హత్సుయే పెట్టుడుపళ్ళు గిన్నెలోంచి దూకి వీధిలోకి నడిచిపోయాయి. కావలిస్తే అడగండి. కాదంటుందిలెండి, సిగ్గు.

సరే, పెంకులు పోనీండి. నా ఏడుపంతా టోఫు గురించి. వంతెన పక్కనే, మా అత్తగారి కాలంనాటి కొట్టు ఇది. సోయా పాలు అచ్చులో పోశాక, చంటిపిల్ల నిద్రపోయినట్టు కదలకుండా జున్నులా తోడుకోవాలి. పోయినేడు మీరు బుల్లెట్ రైళ్ళ వేగం పెంచారు. అప్పట్నుంచీ ఏ అచ్చు తీసినా నట్టనడుమ పగులే! మొన్న వేడినీళ్ళ బుగ్గ దగ్గరి సత్రం వాళ్ళు కూడా మానేశారు. ఇంక మిగిలింది తలుపులు మూసుకోవడమే.

పోయినసారి మీరేగా చెప్పారు? ఉయ్యాల వెనక్కొచ్చిన క్షణానే తోస్తే, చిటికెన వేలితో తోసినా ఆకాశానికి పోతుందని. రైలు చక్రాల తాళం వంతెన ఊపుతో సరిగ్గా కలిస్తేనే ఊగుతుందని. కొంచెం నెమ్మదించినా తాళం తప్పుతుంది, ఊగదని. అన్నారా లేదా?

మరి ఇవాళ బళ్ళన్నీ నెమ్మదిగా పోయాయేం?

ఏమిటీ? డ్రైవర్లకి ముందే కబురు పెట్టారా? ‘వంతెన దగ్గర మావాళ్ళు పనిలో ఉన్నారు, కాస్త చూసుకోండి’ అనా? అయ్యో నా తండ్రీ! వాళ్ళేమో మీ మీద గౌరవంకొద్దీ తలా పిసరంత తగ్గించారు! దొంగకి చెప్పి కాపలా కాసినట్టుంది. ఈ దేశంలో చెప్పకుండా వచ్చేది భూకంపం ఒక్కటే!

చెప్పకుండా కొలవకూడదూ? బాగోదా? సరే.

ఇదిగో, తినండి. ఇవాళ్టి టోఫు. గీత పడితే ఒట్టు. ఏడాదికి మొదటిసారి చందమామలా వచ్చింది, నా మీదే సాక్ష్యం చెప్పడానికి!

ఉండండుండండి, వస్తోంది! ఇది ఆలస్యమైన బండి, దీనికి మర్యాదలు చేసే తీరిక లేదు. బల్ల పట్టుకోండి! ఆ రెండో అచ్చు చూడండి... అదిగో! పగిలిందా? మీ కళ్ళముందే పగిలిందా? కొలిచారా?

యంత్రాలన్నీ పెట్టెలో సర్దేశారా. కళ్ళతో చూసింది లెక్కలోకి రాదా.

క్షమాపణకైనా తల మరీ అంత వంచకండి, ముక్కు టీలో మునుగుతుంది. కూర్చోండి, నిజం చెప్తాను. అలవాటు లేక నోరు తిరగడం లేదుగానీ, ఆ వంతెన కదిలేది బియ్యపు గింజంత. అంతే. దానికది దురదైనా కాదు, టోఫుకి ప్రళయం. గింజంత అని ఫిర్యాదు రాస్తే మీరు వచ్చేవారా?

ఏనుగంత చేసి చెబితేనే వచ్చారు. వచ్చి, గింజ కూడా లేదని రాసుకుపోతున్నారు. పోనీండి, ఆ పగిలింది కూడా తినండి. ఎలాగూ ఎవరూ కొనరు.