మూత తియ్యొద్దన్నాను

హలో… ఆ, నేనే తమ్ముడూ, అక్కనే… లేదు, పనికి వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాను… ఎందుకేమిటి, రావద్దన్నారు. పొద్దున్న ఏడింటికి మా మేనేజరు ఫోన్ చేశాడు… ఏమనా? "విషయం తేలేదాకా క్యాంటీన్ వంటగదిలో అడుగు పెట్టకు" అన్నాడు… ఆ. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

అది తర్వాత. ముందు వాళ్ళెలా ఉన్నారో చెప్పు… పదకొండు మందా. నిన్న నీ కొత్త ఇంటికి భోజనానికొచ్చిన ఆఫీసువాళ్ళే ఇరవై మంది కదూ… మరి మీ ఆఫీసరుగారికి?… ఇంకా సెలైన్ ఎక్కుతోందా… వాంతులు తగ్గాయి కదా… హమ్మయ్య. పిల్లలెవరూ తినలేదు కదా… సరే, అదొక్కటే నయం.

నువ్వూ, మీ ఆవిడా?… వడ్డించే హడావిడిలో తినలేదు… ఊఁ. అదృష్టవంతులు.

తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను. మా క్యాంటీన్ పేరు ఆఫీసరుగారి భార్యకి ఎవరు చెప్పారు?… నువ్వు కాదు. మరి?… నీళ్ళు నమలకు… మీ ఆవిడే. ఏమని?… "మా ఆడపడుచు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండుతుంది, ఆ గిన్నెల్లోనే పంపింది" అని… అబద్ధమేం లేదులే. గిన్నెలు క్యాంటీన్‌వే, మేనేజరుని బతిమాలి తెచ్చాను. కానీ వండింది మా ఇంట్లో, నా పొయ్యి మీద, నాలుగింటికి లేచి. ఆ ముక్క కూడా చెప్పిందా?… చెప్పలేదు.

లేదు, అరవడం లేదు. అరిస్తే నీకు సులువుగా ఉండేది.

నిన్న పదింటికి నువ్వు కారు తెచ్చినప్పుడు ఏం చెప్పాను?… కాదు, అది తర్వాత. మొట్టమొదట ఏం చెప్పాను?… "మూత తియ్యొద్దు." ఆ. కూర కుతకుతా ఉడుకుతుంటే అలాగే దించాను. మూత బిగించి, దుప్పటి చుట్టి, థర్మాకోల్ పెట్టెలో పెట్టి, సందుల్లో పాత గుడ్డలు కూరాను. అన్నం గిన్నెకీ అంతే. "ఇలా ఉంచితే ఒంటిగంటకి కూడా చెయ్యి కాలుతుంది, ఆలస్యమైతే మాత్రం మళ్ళీ మరిగించాలి, నాకు ఫోన్ చెయ్యి" అన్నాను. అన్నానా లేదా?… అన్నాను.

డిక్కీలో దొర్లుతుందని వెనక సీటు కింద పెట్టించాను. పక్కనే నేనూ కూర్చుని వస్తానన్నాను. గుర్తుందా?… "చోటు లేదక్కా, దారిలో కుర్చీలు ఎక్కించుకోవాలి" అన్నావు… ఎక్కించుకున్నావా?… ఊరికే అడుగుతున్నాను… ఎక్కించుకోలేదు.

సరే. పదకొండింటికి ఇల్లు చేరావు. పెట్టె ఎప్పుడు తెరిచారు?… గుర్తులేకపోవడమేమిటి, నిన్నటి మాటేగా… చేరగానే. వడ్డించింది ఎన్నింటికి?… ఆఫీసరుగారు ఆలస్యంగా వచ్చారు, సరే, ఎన్నింటికి?… మూడున్నర.

మూడున్నర.

… వింటున్నాను. లెక్క చూసుకుంటున్నాను, అంతే. అంతసేపూ కూర నా గిన్నెలోనే ఉందా?… మరి ఎందులోకి మార్చారు?… గాజు గిన్నెల్లోకి. పూలున్న సెట్టులోకి… అన్నం కూడానా?… వెడల్పాటి పళ్ళేల్లో పరిచి. ఫ్యాను కింద. పైన పలచటి గుడ్డ కప్పి.

ఎందుకు మార్చారు తమ్ముడూ?… అందం కోసమా. అదొక్కటేనా… నేనే చెప్పనా? నా గిన్నె మీద వేలెడంత అక్షరాలతో క్యాంటీన్ పేరు చెక్కి ఉంది. బల్ల మీద పెడితే వచ్చినవాళ్ళకి కనిపిస్తుంది. వంటంతా మీ ఆవిడే చేసిందని చెప్పారుగా మరి… నాకెలా తెలుసా? ఆఫీసరుగారి భార్య మా మేనేజరుతో అందట. "నిన్న తింటున్నప్పుడు తనే వండానంది, ఇవాళేమో ఆడపడుచు వండిందంటోంది, ఏది నమ్మాలి" అని. ఆయన నన్నడిగాడు. నేనేం చెప్పను?

కారులో చోటు లేకపోవడం కాదు, ఇంట్లోనే లేదు. నేనొస్తే ఎవరో ఒకరు నీ వంటేనా అని అడుగుతారు. నాకు అబద్ధం చెప్పడం రాదని నీకు తెలుసు.

… ఉండు, నన్ను మాట్లాడనీ. వండమని అడిగినప్పుడేమో "అక్కా, నీ చేతికి సాటి లేదు" అన్నావు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య. మెచ్చుకున్నప్పుడు మీ ఆవిడ వంట, కడుపులో తిప్పాక నా వంట.

మళ్ళీ వేడి చేశారా, లేదా?… చేశారు. ఎంత?… గోరువెచ్చగా. గాజు పగులుతుందని భయం… మాంసం కూర తమ్ముడూ. పొగలు కక్కుతూ ఉండాలి, లేదా ఫ్రిజ్‌లో చల్లగా ఉండాలి. రెంటికీ మధ్య నాలుగు గంటలు ఫ్యాను కింద పెట్టి, పైపైన వెచ్చజేసి మనుషులకి పెడతారా? నేను రోజూ మూడొందల మందికి వండుతున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నా అన్నం తిని కడుపు పట్టుకోలేదు.

… సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు, అది చెప్పు… ఆఫీసరుగారి భార్యకి ఫోన్ చేసి… తప్పు నాదేనని… మాంసం ముందురోజుదని. ఆహా. ముందురోజు మాంసమని నా నోటితో చెప్పాలి.

నీ ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది, తెలుసు… మీ ఆవిడ తల ఎత్తుకోలేకపోతోంది, అదీ అర్థమైంది. మరి నేను ఆ మాట చెప్పాక మా మేనేజరు నన్ను మళ్ళీ గరిటె పట్టుకోనిస్తాడా?… "వేరే ఎక్కడైనా" అన్నావా? ముందురోజు మాంసం వండిపెట్టినదాన్ని ఎవరు పెట్టుకుంటారు నాయనా?

విను. నీకు తెలియనిది ఒకటుంది. మా క్యాంటీన్‌లో ఏది వండినా, దించగానే రెండు గరిటెలు చిన్న డబ్బాలోకి తీసి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెడతాం. ఎవరికైనా ఏదైనా అయితే పరీక్షకి పంపడానికి. నిన్న ఇంట్లో వండినా చెయ్యి ఊరుకోలేదు, తీసిపెట్టాను… నీ మీద అనుమానంతో కాదురా. అలవాటు.

… లేదు, ఇంకా ఇవ్వలేదు. పదింటికల్లా తెమ్మన్నాడు మేనేజరు… ఎందుకివ్వలేదంటే నీ ఫోన్ కోసం చూశాను. నువ్వే ఆయనతో ఉన్నదున్నట్టు చెబితే ఈ డబ్బా అక్కర్లేదు, నీ ఇంటి సంగతి కాగితాలకెక్కదు. ఒక్క ఫోన్. చేస్తావా?

…

ఏమన్నావు?… సరిగ్గా వినపడలేదు, మళ్ళీ అను… పారబొయ్యమంటున్నావు.

… ఫోను అమ్మకెందుకు ఇస్తున్నావు మధ్యలో—

అమ్మా… ఆ, బానే ఉన్నాను. నువ్వు తిన్నావా నిన్న?… ఏం పెట్టారు?… పాలూ బ్రెడ్డూ. లోపలి గదిలో… పోనీలే, మంచిదే అయింది. నా వంట తిని ఉంటే నువ్వూ ఆసుపత్రిలో ఉండేదానివి.

కూర మారుస్తుంటే చూశావా?… చూశావు. మూత తియ్యొద్దని నేను నీక్కూడా ఫోన్లో చెప్పాను కదమ్మా… కోడలికి కోపం వస్తుందని ఊరుకున్నావు. సరే… దేనికి?… నువ్వు కూడా డబ్బా పారబొయ్యమనే అంటున్నావా?

… వాడికి పెళ్ళాం ఉంది, పరువుంది, నలుగురిలో తిరగాలి. సరే. మరి నాకు?… ఏంటమ్మా?… "నువ్వు ఒక్కదానివి, ఎలాగైనా బతుకుతావు" అన్నావు. అంతేగా… లేదు, సరిగ్గానే విన్నాను.

అమ్మా, ఒక నిజం చెప్పనా. ఈ డబ్బా పట్టుకుని పొద్దున్నుంచి రెండుసార్లు సింకు దాకా వెళ్ళాను. తమ్ముడు కదా, పోనీ అని. మీరు అడక్కుండా ఉండుంటే పారబోసేదాన్నేమో కూడా… ఏడవకు. నాకూ ఏడుపొస్తోంది, కానీ టైమవుతోంది. ఐస్ ముక్కల మధ్య పెట్టుకుని బస్సెక్కాలి.

… వాడికివ్వకు ఫోను. వాడితో మాటలైపోయాయి… శాపమెందుకు పెడతానమ్మా, ప్రమోషన్ రావాలనే కోరుకుంటాను.

నువ్వన్నది నిజమే. నేను ఒక్కదాన్నే. ఆ ఒక్కదానికి ఉన్నది ఆ వంటగది ఒక్కటేనమ్మా… ఉంటాను. పెట్టేస్తున్నా.