ప్లేటు పట్టిన చెయ్యి

హలో… ఔ, నేనే డాక్టర్ సాబ్, వామన్‌రావును… ఎక్స్‌రే మిషన్ కాడికెళ్లి కాదు సాబ్. ఆబిడ్స్‌ల మన క్లినిక్ బందు వెట్టి సర్కారీ దవాఖానకొచ్చిన. మన ఆయా జంగమ్మను తీసుకొచ్చిన.

— చెయ్యి సాబ్, కుడి చెయ్యి. వేళ్లు నల్లగయినయి, గోళ్లు ఊడినయి, పుండు మానుతలేదు… ఔ, మీరిచ్చిన మలామే రాసింది. ఏం ఫాయిదా లేదు.

— జర వినుండ్రి! గీడి డాక్టరు కుష్ఠు అంటున్నడు… ఔ, కుష్ఠు! సాయంత్రం నాంపల్లి టేషన్ల బండెక్కించి కుష్ఠు ఆశ్రమానికి పంపుతడంట. ఆమె చంటిపిల్లను అప్పుడే గుంజుకున్నరు. పాలు తాగే పిల్ల సాబ్…

— కాదని మీకెరుక, నాకెరుక! మొగోన్ని, పరదా బేగంలను నేను ముట్టొద్దు గదా. నేను మిషన్ నడిపితే, బేగం ఒంటికి ఫోటో ప్లేటు కదలకుండ పట్టింది జంగమ్మనే. వచ్చిన బేగంకల్లా ఆమెనే పట్టె. మిషన్‌ల కిరణాలన్నీ ఆ చేతి మీదనే పడె…

— చెప్పిన సాబ్! “మిషన్ తిప్పేటోనివి, నీకేం తెలుసు” అన్నడు. మీరొక్క మాట చెప్తే నమ్ముతడంట. ఒక్క మాట…

— క్లినిక్ పేరు… ఔ, చెడుతది. నవాబుల దేవిడీల నుంచి మోటర్లు రావు. కానీ ఆమె బతుకు…

— ఏంది? రేపటికి ఇంకో ఆయాను చూడమంటరా?… సాబ్, మీ కాళ్లు మొక్కుత! వరండల ఒక్కతే కూసున్నది, పక్కకు ఎవ్వరూ పోతలేరు. “నేనేం పాపం చేసిన అయ్యా” అని నన్నడుగుతున్నది. నేనేం చెప్పాలె?

— ఆగుండ్రి, డాక్టరు తలుపు కాడికొచ్చిండు… వస్తున్న డాక్టర్ సాబ్! మా సాబ్ లైన్లనే ఉన్నరు!… సాబ్, ఆయనకిస్తున్న, ఒక్క మాట—

హలో?… హలో?…

పెట్టేసిన్రా… లైన్ల సప్పుడే లేదు… డాక్టరు నా దిక్కే చూస్తున్నడు…

…ఔ సాబ్! ఆ, ఇనవడుతున్నది! మిషన్‌తోనే కాలిందా?… కుష్ఠు కాదు, ఔ! గీడి డాక్టర్ సాబ్ నా పక్కనే ఉన్నరు, ఫోను ఆయనకియ్యాల్నా?… మీకు తొందరున్నదా? నన్నే చెప్పమంటరా?… చెప్త సాబ్. కాలిన పుండుకు చేసే ఇలాజే చెయ్యాలె… బండెక్కియ్యొద్దు… పిల్లను తల్లికియ్యాలె, ఇప్పుడే… చిత్తం సాబ్. చిత్తం. పెట్టేస్తున్న.