పదకొండు బెండ్లు

1962. సముద్రం పక్క ఒక హైస్కూలు. సైన్సు గదిలో పద్మనాభయ్య మాస్టరు, వలలు అల్లే చెంచమ్మ. ఇద్దరి మధ్య, పైకప్పు నుంచి దించిన మూడు తాళ్ళ చుట్లు, వాటికి కట్టిన, వలను నీళ్ళలో తేల్చే బెండ్లు.

"రెండు, ఎనిమిది, ఒకటి అని చెప్పలా? చెప్పలా నీకు?"

"చెప్పినారు అయివారా."

"మరి ఇదేంది? లోపలి చుట్టుకు నాలుగు బెండ్లు, నడిమి చుట్టుకు నాలుగు, బయటి చుట్టుకు మూడు! రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని, దుమ్ము దులుపుదామని దించితే ఇప్పుడు బయటపడింది."

"ముందు మీరు చెప్పినట్టే కట్టినాను. బయట ఒక్క బెండే పెట్టేసరికి మొత్తం ఒరిగిపోయింది. బెండ్లు సమంగా లేకపోతే వల నీళ్ళలో నిలబడతాదా? అందుకని సమంగా పంచినాను. పదకొండుకు పదకొండూ ఉండాయి గదా."

"ఇది వల కాదు చెంచమ్మా! సోడియం పరమాణువు!"

"ఏదైతే ఏంది, వేలాడాల గదా."

"నా ఖర్మ! బయట ఆ ఒక్కటీ ఒంటరిగా ఉంటేనే అది సోడియం. అది ఇట్టే ఊడిపోతుంది కాబట్టే నీళ్ళల్లో వేస్తే భగ్గుమంటుంది. అసలు ఎలక్ట్రాన్లు ఇట్ట చుట్టుకు గుచ్చినట్టు ఉండవు, మబ్బులాగా కమ్ముకోని ఉంటాయి. అది నేనెట్టాగూ చూపించలేను. లెక్కన్నా సరిగ్గా చూపిద్దామంటే నువ్వు... ఎవరికోసం కట్టించినాను? పుస్తకం కొనలేని పిల్లలు తలెత్తి చూసి నేర్చుకుంటారనే గదా!"

"నెల నుంచి మీ నెత్తి మీదే వేలాడింది గదా. ఒక్కసారన్నా లెక్కబెట్టలేదా?"

"కత్తెర తీసుకో. ముందు విప్పు."

"విప్పుతాను. నేనొచ్చింది వేరే పని మీద అయివారా. మా పిల్ల కామమ్మ పేరు..."

"ముందు విప్పమన్నానా!"

"విప్పుతానే ఉండా. వల ముడి, అంత సులువుగా రాదు. మా కామమ్మ పేరు బళ్ళో కొట్టేయండి."

"కొట్టెయ్యాలా? ఎందుకు?"

"ఇంక రానంటా ఉంది. నాలుగు దినాలుగా వల ముందర కూర్చోని ఏడుస్తా ఉంది. పరీక్షలో మీరు సున్నా వేసినారంట. బెంచీ ఎక్కించి దొంగ అన్నారంట."

"అనక? అదీ, పక్కన కూర్చునే నవోమీ, ఇద్దరూ ఒకే తప్పు రాసినారు. కాపీ కాక ఇంకేంది? ఎక్కడ చూసి రాసినావే అంటే నోరు తెరవదు. తలెత్తి పైకి చూస్తుంది. అంత పొగరా?"

"పైకా?"

"పైకే. ఒళ్ళు మండి రెండు తగిలించినాను కూడా."

"ఇంతకీ ఏం రాసింది మా పిల్ల?"

"సోడియంలో ఏ చుట్టుకు ఎన్ని ఎలక్ట్రాన్లు అని అడిగితే..."

"చెప్పండి అయివారా."

"ఉండు. లోపలి చుట్టుకు..."

"మిమ్మల్నే. ఏం రాసింది?"

"కత్తెర కింద పెట్టు చెంచమ్మా. నాలుగు, నాలుగు, మూడు."