అడ్డకర్ర ముందు మిరియం

బొబ్బిలి బజారులో కిరాణా కొట్టు వెనక ఇల్లు. కుక్కపిల్ల మిరియాన్ని బుట్టలో పెట్టుకుని, విజయనగరం బస్సు దిగి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది అనూరాధ. గుమ్మం లోపల చింతపండు పిక్కలు తీస్తున్న అత్తగారు భాగ్యవతి తలెత్తింది.

"అప్పుడే వచ్చీసేవేటే అనూ? సాయంత్రం అవుతాదన్నావు."

"అయిపోయింది అత్తయ్యా."

"అయిపోడమేటి? కుక్కల పోటీ వచ్చే ఆదివారం కదా, విశాఖపట్నంలో."

"ఎవరు వెళ్లాలో ఎవరక్కర్లేదో ఈరోజే చూసి చెప్పేస్తారు. మాకు చెప్పేసేరు."

"ఏటని?"

"కాస్త మంచినీళ్లిస్తారా?"

"ఇస్తాను గానీ, ఏటన్నాడు, కుక్కలకి ఆటలు నేర్పీ మీ మాస్టారు? మిరియానికి పళ్లు బాలేవన్నాడా?"

"పళ్లకేం? బల్ల మీద నిలబెట్టి, నోరు తెరిచి, తోకెత్తి మరీ చూసేరు. కదిలితే ఒట్టు. నల్ల పొమేరియన్ ఇంత బుద్ధిగా ఉండటం చూళ్లేదన్నారు."

"నన్ను పెళ్లిసూపుల్లో కూడా అంతలా సూళ్లేదు. మరింకేటి?"

"గొట్టంలో దూరి అవతలికొచ్చింది. పాతిన కర్రల మధ్య మెలికలు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టేరు. అడ్డకర్ర దూకాల్సొచ్చేసరికి..."

"పడిపోయిందా?"

"కూర్చుంది."

"అలిసిపోయుంటాది పాపం."

"జానెడెత్తు లేదత్తయ్యా! ఎన్నిసార్లు పంపినా దాని ముందుకెళ్లి కూర్చోడమే. ఆఖరికి కర్రని నేల మీద పెట్టేసేరు. అప్పుడూ కూర్చుంది. ఒకటే నవ్వులు."

"నవ్వితే నవ్వనీ. ఆళ్ల నోరు, ఆళ్ల పళ్లు."

"విజయ్‌కుమార్ మాస్టారు నవ్వలేదు. పక్కకి పిలిచి అడిగేరు, ఇంట్లో దీన్ని ఎవరన్నా కొట్టేరా అని."

"ఉండు, ఈ చింతపండు ఎత్తీనీ."

"అత్తయ్యా."

"ఎత్తకపోతే చీమలట్టీవూ?"

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"కొట్టడమేటి? ఎవరు కొడతారు? నేనా?"

"ఈ గడప దగ్గర. నేల మీద అడ్డంగా ఏదున్నా దానికి గడపే. దాటకూడదంతే."

"పసుపు రాసి బొట్లెట్టిన గడపమ్మా అది! కుక్క దాటి నట్టింట్లోకొస్తే లక్ష్మి ఉంటాదా? యాపారం సేసుకునీవాళ్లం."

"చీపురుతో కొట్టేరా లేదా?"

"ఓసారి. ఒక్కసారే. అదీ ఈనెపుల్ల, తగిలీ తగల్నట్టు."

"ఒక్కసారి చాలదూ, గుప్పెడంత పిల్లకి?"

"సరే, నాదే తప్పు. ఇప్పుడేటి సెయ్యాల?"

"చెయ్యడానికేముంది? మీ అబ్బాయి ముందే అన్నారుగా. పోటీకి పనికిరాకపోతే దీన్ని సాలూరు లారీ ఆఫీసులో కాపలాకి కట్టించేస్తానని."

"ఈ పిడికెడు కుక్క లారీలకి కాపలా ఏటే? ఉమాపతి ఊరికే అంటాడు."

"ఊరికే అంటారా? నా కుట్టుమిషను అటకెక్కలేదూ? పాపకార్యం చేస్తున్నానా అత్తయ్యా? వారానికోసారి వెళ్లి రావడం. ఈ ఇంటికొచ్చేక నేనుగా మొదలెట్టింది ఇదొక్కటే. ఇదీ పోయింది."

"ఏడవకు. ఒసే, ఏడవకంటే. దించు దాన్ని. నేనే పిలుస్తాను, లోపలికే పిలుస్తాను. లక్ష్మికి నేను సెప్పుకుంటాను."

"రాదు."

"ఎందుకు రాదు? మిరియం! రా తల్లీ, రా. నట్టింట్లోకి రా. ఇదిగో, తలుపు బార్లా తీసేసేను."

"చూసేరా? కూర్చుంది."

"రావే మాయమ్మ! అదేటే, అలా కూకుండిపోయింది?"

"భయం. మీరు కొట్టిన భయం."

"భయమా? ఆ తోక సూడు, ఎలా ఊపుతందో. భయపడ్డ కుక్క అలా ఊపుతాదేటి?"

"మరెందుకు రాదు?"

"నేను కొట్టిన మర్నాడే ఇది ఆ సంగతి మర్చిపోయి వంటింటిదాకా వచ్చీసిందే. నువ్వే కంగారుపడి ఎత్తుకుపోయేవు, నేనేటంటానో అని. గుర్తులేదా?"

"ఉంది. అయితే?"

"ఆ పొద్దు నుంచి రోజూ దాన్ని గడప అవతల కూకోబెట్టి, మంచిపిల్ల మంచిపిల్ల అని బిస్కట్టు ముక్క పెట్టీదానివి కాదూ? సూడే అనూ, అది నాకేసి సూట్టం లేదు. నీ చేతికేసి సూస్తంది."