మార్చుకున్న డ్యూటీ

విమాన సిబ్బంది బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరే ఉన్నారు. చిన్నామె అప్పుడే విమానం దిగి వచ్చి, పెట్టె మీద కాళ్లు చాపుకుంది. పెద్దామె యూనిఫాం గుండీలు పెట్టుకుంటోంది.

“అక్కా, ఈ ఫోటో చూడండి. ధ్రువం మీద ఆకాశమంతా ఆకుపచ్చగా వెలిగిపోయింది. మీకోసమే తీశాను.”

“బాగుంది.”

“చూడకుండానే బాగుందంటారేంటి? మీ మరిది పెళ్లి ఎలా జరిగింది?”

“పెళ్లీ లేదు, పాడూ లేదు. ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నాను.”

“ఊఁ.”

“సూర్యుడి మీద తుఫాను రేగిందని, ధ్రువం మీదుగా వెళ్లే విమానాల్లో రేడియేషన్ పెరగొచ్చని ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. పోయినేడు రొమ్ములో గడ్డ తీసినప్పటి నుంచి ఆ మాట వింటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. అందుకే పెళ్లని చెప్పి నీతో డ్యూటీ మార్చుకున్నాను. రంగులు కనిపిస్తాయి వెళ్లమ్మా అని పైగా ఊరించాను.”

“ఆ మెసేజ్ అందరికీ వచ్చిందక్కా. నేనూ చదివాను.”

“చదివి కూడా వెళ్లావా?”

“కెప్టెన్‌గారు మామూలుకంటే కిందుగానే నడిపారులెండి, కింద రేడియేషన్ తక్కువట.”

“మరి పెళ్లికి ఏం కట్టుకుంటున్నారని కూడా అడిగావు కదే.”

“మీరు తడబడుతుంటే ఏదో ఒకటి అడగాలి కదా.”

పెద్దామె పై గుండీని రెండుసార్లు తప్పు కాజాలో పెట్టింది.

“ఇక నీ మొహం ఎలా చూడను?”

“నిజం చెప్పి అడిగినా వెళ్లేదాన్నే అక్కా.”