వాచీ మామ సమ్మతం

వాచీలు బాగుచేసే మామ టీ బంకు బెంచీ మీద కూర్చున్నాడంటే పక్కవాళ్ళ టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం మరీను. తెల్లారితే వీధి దుకాణాల సంఘానికి అధ్యక్షుడి ఎన్నిక. ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా పొద్దుటినుంచీ ఆయన కొట్లో మేకుకి వేలాడుతోంది.

"మన సంఘం రూలు తెలుసుగా," అన్నాడు మామ. "ఎవడో ఒకడు లేచి నీ పేరు చెప్పాలి. మనిషికి ఒక్క పేరే చెప్పనిస్తారు. అప్పుడు నువ్వు నిలబడి 'నాకు సమ్మతమే' అని నీ నోటితో అనాలి. అనకపోతే పోటీలో లేనట్టే. పోయినేడాది నా పేరు చెప్పారు. నేను ఉలకలేదు, పలకలేదు."

"ఎవరు చెప్పారు మామా?" అడిగాడు సెలూన్ అతను. వరసకి ఏమీ కాడు, పిలుపుకి అల్లుడు.

"ఒకడా? హాలు హాలంతా! కాళ్ళు పట్టుకున్నారు. ఒప్పుకోను పొమ్మన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధిలో బస్సులు ఆగిపోయాయి. టికెట్టు కొన్నవాళ్ళు కూడా దిగొచ్చి 'ఒప్పుకోండి సార్' అని ఒకటే గోల. డ్రైవరు ఏడుపు."

"బస్సు డ్రైవరా?" అన్నాడు టీ కాచే బాబాయ్.

"రైలు డ్రైవరు! రైలుని స్టేషన్లో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. అయినా నేను నోరు విప్పితేనా! చివరికి వాచీ చూసుకుంటే రాత్రి ఏడున్నర, బయట చూస్తే ఎండ మండిపోతోంది. నా వాచీ తప్పు చూపించదుగా? తలెత్తి చూశా. సూర్యుడు కదలకుండా నిలబడిపోయాడు, నా మాట కోసం! జాలేసింది. 'నువ్వెళ్ళు నాయనా, అవతల జనం తెల్లారక ఇబ్బంది పడుతుంటారు' అన్నా. అప్పుడు కుంకాడు."

బెంచీ అంతా పగలబడి నవ్వింది. మామ మాత్రం ఓరకంట అల్లుడి మొహమే చూస్తున్నాడు.

అల్లుడు నవ్వలేదు. "మామా, పోయినేడాది నీ పక్క కుర్చీ నాదే. నీ పేరు ఎవరూ చెప్పలేదు. 'ఇంకెవరైనా ఉన్నారా' అని అడిగినప్పుడు నువ్వు సగం లేచి, చొక్కా సర్దుకుని మళ్ళీ కూర్చున్నావు."

బంకులో నవ్వు టక్కున ఆగిపోయింది.

"చెబుదామనే వచ్చా ఆ రోజు," అన్నాడు అల్లుడు గొంతు తగ్గించి. "వీధిలో ఆగిన గడియారాలన్నీ అడక్కుండా బాగుచేసేది నువ్వేగా. కానీ అంతకుముందు ఏడాది పొడుగునా ఇదే బెంచీ మీద 'కాళ్ళు పట్టుకున్నా ఒప్పుకోను' అంటివి. నన్ను చెప్పనిచ్చేది ఒక్క పేరే. నేను చెప్పాక నువ్వు కాదంటే? అందరూ అదే అనుకున్నాం."

మామకి ఆ మాట ఎక్కడో లోపల గుచ్చుకుంది. అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నాడో, 'నాకు సమ్మతమే' అని.

"మరి రేపు నీ పేరు చెప్పమంటావా?" అడిగాడు అల్లుడు.

"నా పేరా?" అలవాటుగా ఛాతీ పొంగింది మామకి. "కాళ్ళు పట్టుకున్నా..."

ఆగిపోయాడు. టీ బాబాయ్ గరిటె కూడా ఆగింది.

"కాళ్ళవీ పట్టుకోవద్దులేరా," అన్నాడు మామ, ఎవరి మొహమూ చూడకుండా. "పేరు చెప్పు, చాలు."